సహస్రకి నేను తప్పు చెప్పిన లెక్క

చిన్నప్పుడు అంటే నవ్వకండి... మూడేళ్ళ కిందటి సంగతే. మే నెల, ఆదివారం, పొద్దున్న ఏడు. తెల్లారితే క్యాల్కులస్ పరీక్ష. పళ్ళు తోముకుంటూ పాత ప్రశ్నపత్రం జవాబులు తిరగేస్తున్నాను... నా పద్ధతి తప్పని అక్కడ కనిపించింది.

నా ఒక్కదానికే తెలిసిన పద్ధతి అయినా బాగుండేది. అది నేను ఇంకో ఇద్దరికి నేర్పిన పద్ధతి.

అమెరికాలో మా ఊరు అరోరాలో మాది ముగ్గురి జట్టు... నేను, సహస్ర, నిఖిల్. సహస్ర వాళ్ళ బేస్‌మెంట్‌లో, వాళ్ళ నానమ్మ సూట్‌కేసులో కుక్కి తెచ్చిన బొంత పరుచుకుని చదివేవాళ్ళం. మధ్యలో జంతికల డబ్బా.

చాప్టర్లు పంచుకునేవాళ్ళం. ఒకరు ఒక చాప్టర్ నేర్చుకుని, ఒక్క పేజీలో రాసి, మిగతా ఇద్దరికీ చెప్పాలి. ఆ ఇద్దరూ ఇక పుస్తకం తెరవక్కర్లేదు. మన వాళ్ళ పాట్‌లక్ భోజనాల్లో ఒకరు పప్పు, ఒకరు పులిహోర తెచ్చినట్టే అనేవాడు నిఖిల్. ఎవరి గిన్నెలో ఉప్పు ఎంతుందో ఇంకొకరు చూసేవాళ్ళం కాదు...

నా వంతుకి అంతులేని శ్రేణులు వచ్చాయి. సంఖ్యల్ని కలుపుతూ పోతే మొత్తం ఒకచోటికి చేరుతుందా, చేరకుండా పోతుందా అన్నదే లెక్క. అలా చేరడాన్ని తెలుగులో అభిసరణ అంటారని ఈమధ్యే తెలిసింది. ఎంత బాగుందో ఆ మాట... నాలుగుసార్లు పైకే అనుకున్నాను.

శ్రేణిలోని x ఏ విలువ నుంచి ఏ విలువ దాకా ఉంటే అలా చేరుతుందో కనుక్కున్నాక, ఆ రెండు చివర్లనీ విడివిడిగా పరీక్షించాలి. నేను చూసిన ఒకే ఒక్క ఉదాహరణలో రెండు చివర్లూ పనికిరాలేదు. దాంతో ఎర్ర సిరాతో, చుట్టూ గీత గీసి మరీ రాశాను... "చివర్లు ఎప్పుడూ వదిలేయండి" అని.

నిఖిల్ ఎలాగోలా గట్టెక్కేస్తాడు. సహస్ర సంగతి వేరు. ఈ క్లాస్ వదిలేసి తేలికైన దానికి మారమని జనవరిలోనే టీచర్ చెప్పారు. మారొద్దని తనని బతిమాలింది నేను. నేను చూసుకుంటానని వాళ్ళమ్మ పద్మ ఆంటీకి మాటిచ్చిందీ నేనే. ఇంజనీరింగ్‌కి అప్లై చేయాలా వద్దా అన్నది ఈ పరీక్షలో వచ్చే మార్కుని బట్టే తేల్చుకుంటానంది సహస్ర.

అబద్ధమెందుకు... చెప్పకుండా ఊరుకుందామనిపించింది. ఆ ప్రశ్న రాకపోవచ్చు. చెబితే తనకున్న కాస్త ధైర్యమూ పోవచ్చు. మెసేజ్ టైప్ చేశాను, చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను, మళ్ళీ చెరిపేశాను. చివరికి సైకిలెక్కాను.

పద్మ ఆంటీ తలుపు తీసి, పెసరట్టు వేస్తాను ఉండమన్నారు. తర్వాత మెట్ల దాకా వచ్చి మెల్లగా, "వారం నుంచి నీ కాగితమే చదువుతోందమ్మా. నిద్రలో లేపినా చెప్పేస్తుంది" అన్నారు.

ఆ మెట్లు దిగడం ఇప్పటికీ గుర్తుంది. పదమూడు మెట్లు.

నిఖిల్ అప్పటికే వచ్చి బొంత మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నిలబడే చెప్పేశాను... నేను రాసింది తప్పు, చివర్లు వదలకూడదు, చూడాలి అని. వాడు జంతిక నోట్లో పెట్టుకుని, "మేడమ్, ఇంతకాలం మాకు ఉప్పులేని పులిహోర పెట్టావన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సహస్ర నా వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"నువ్వు చెప్పావని నేను ఇంకెక్కడా చూడలేదే."

నేను గబగబా వివరించడం మొదలుపెట్టాను... సగం తెలుగు, సగం ఇంగ్లిష్, సారీలు. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. కాసేపు నువ్వు మాట్లాడకు."

కాగితం తీసుకుని ఒక శ్రేణి రాసింది. ముందు ఒక చివర. ఒకటి తీసేసి, సగం కలిపి, మూడోవంతు తీసేసి, పావు కలిపి... అలా ఇరవై దాకా. పక్కన బట్టల డ్రయ్యర్ తిరుగుతోంది. నిఖిల్ జంతిక నమలడం ఆపేశాడు. తర్వాత రెండో చివర... ఈసారి అన్నీ కలుపుకుంటూనే పోయింది. మొత్తం కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంది. అప్పుడు, మా జట్టులో మొదటిసారి, వేరేవాళ్ళ చాప్టర్ కోసం పుస్తకం తెరిచింది.

"ఈ చివర ఆగుతోంది. ఆ చివర ఆగట్లేదు. చూడకపోతే ఎలా తెలుస్తుంది?" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

నా ఎర్ర సిరా వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. మిగతా లైన్లు కూడా చూద్దాం పదండి అంది. మధ్యాహ్నం దాకా ముగ్గురి పేజీలూ పుస్తకం పక్కన పెట్టుకుని చూశాం. నిఖిల్ పేజీలో రెండు తప్పులు దొరికాయి. వాడి మొహం చూసి అప్పుడు నవ్వాం...

మర్నాడు పరీక్ష హాల్లో తను నాకు రెండు వరసల ముందు కూర్చుంది. తన తల పైకి లేచినప్పుడల్లా నా పెన్సిల్ ఆగిపోయేది. జులైలో మార్కులు వచ్చాయి. సహస్ర నుంచి మెసేజ్... "ఐదుకి నాలుగు. ఇంజనీరింగే."

తనిప్పుడు సియాటెల్ వైపు చదువుతోంది. నిఖిల్ ఇంకోచోట. ఇప్పుడు ఏ సందేహం వచ్చినా ఫోన్‌నే అడుగుతున్నాం... క్షణంలో జవాబు వస్తుంది. అది తప్పయితే మాత్రం, ఒప్పుకోవడానికి ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని ఎవరూ రారు.

మీకు ధీమాగా తప్పు చెప్పిన స్నేహితులున్నారా... ఉంటే వాళ్ళని ట్యాగ్ చేసి ఆ కథ కింద రాయండి, చదువుతాను.

రేపు పొద్దున ఎనిమిదింటికి లైబ్రరీలో ఇద్దరు జూనియర్లకి ఈ చాప్టరే చెప్పాలి. ముందు వాళ్ళ చేత ఒక లెక్క చేయిస్తాను... ఆ తర్వాతే నేను నోరు తెరుస్తాను.