తుమ్మ బెరడు జిగురు

చెట్ల బెరడు మీద పరిశోధన చేస్తున్నానంటే మా చుట్టాలు నాటువైద్యం అనుకుంటారు. మోకాళ్ల నొప్పికి ఏదైనా ఇమ్మంటారు. కాదు, నేను చేసేది జిగురు అంటే నా మీద గౌరవం అక్కడికక్కడే దిగిపోతుంది. దిగనీ.

నల్లతుమ్మ బెరడు ముక్కల్ని వేడినీళ్లలో నానబెడితే టానిన్ అనే ఎర్రటి వగరు సారం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు మరిగించి చిక్కబరిచి, గట్టిపరిచే మందు కలిపితే ప్లైవుడ్ అతుకుతుంది. మామూలు జిగురులో ఉండే, కళ్లు మండించే ఫార్మలిన్ ఇందులో పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. నాకు ఆ తగ్గడమే కావాలి. మా తమ్ముడు హౌరాలో ఒక చిన్న ప్లైవుడ్ కార్ఖానాలో ప్రెస్ దగ్గర పనిచేస్తాడు. జిగురు ఆవిరికి వాడి ఒక కన్ను మసకబారింది. పని మానకపోతే రెండోదీ అంతేనన్నాడు డాక్టరు. మానేసి ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

కార్ఖానా యజమానితో నెలల తరబడి వాదించాను. చివరికి, "ఒక్కసారే దిదీ. మీ జిగురుతో అతికించిన పలక ఉడికే నీళ్లలో విడిపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు" అన్నాడు. సాల్ట్ లేక్‌లోని మా ల్యాబులో బస్తాలకు చోటు లేక బెరడంతా కార్ఖానాకు దగ్గరని సంత్రాగాఛిలో తమ్ముడింట్లో దింపించాను.

పరీక్ష రోజున కార్ఖానాలో బెరడు, నీళ్లు నింపిన డ్రమ్ము పొయ్యి మీదకెక్కింది. ఎంతసేపు కాగినా నీళ్లకు రంగు రాలేదు. పలచటి టీలా ఉన్నాయి. అప్పుడే తమ్ముడికి క్యారియర్ పట్టుకొచ్చిన మరదలిని అడిగాను.

"బెరడును ఏం చేశావే?"

"ఏటి సేత్తాను ఒదినా, బస్తాల్నిండా మట్టే గదా. రేత్రంతా నానబెట్టీసి, పొద్దున్న కడిగీసి ఎండబెట్టినాను. ఎన్ని ఎర్రనీళ్లు దిగినాయో! తేటనీళ్లు వచ్చీదాకా ఒగ్గలేదు."

నాకు కావలసిందంతా ఆ ఎర్రనీళ్లలోనే కాలవలోకి పోయింది. నోరు తెరిచేలోగా తమ్ముడు నన్ను ప్రెస్ వెనక్కి లాక్కెళ్లాడు.

"దాన్నేటీ అనకక్కా. నా కళ్ల కోసరమని ఈది కుళాయి కాణ్నించి బిందెలతో మోసింది."

వాయిదా వేయమన్నాను. ప్రెస్ ఖాళీగా ఉంచనన్నాడు యజమాని. ఉన్నదాన్నే మరిగించి, చిక్కబరిచి పలకలు ఒత్తాం. ఉడికే నీళ్లలో వేసిన కాసేపటికే పొరలు దేనికది విడిపోయి పైకి తేలాయి.

"తప్పు జిగురుది కాదు, బెరడు కడిగేశారు" అన్నాను.

యజమాని అరవలేదు. టీ తెప్పించాడు. "ఇవాళ మీ ఇంట్లోవాళ్లే కడిగారు. రేపు నా కూలీలు కడుగుతారు, లేదా వానకు తడుపుతారు. డ్రమ్ములో వచ్చే జిగురునైతే ఎవరూ కడగరు దిదీ."

టీ తాగి గ్లాసు కింద పెట్టాను. తమ్ముడు పాత జిగురు డ్రమ్ము మూత విప్పడానికి లేచాడు.

గేటు దగ్గర మరదలు కాచుకుని ఉంది. "అతికినాదా ఒదినా?"

"లేదమ్మా. తడికి ఆగలేదు."

"అయ్యో, మట్టి ఉండిపోనాదేమో. ఈపాలి ఇంకా బాగా కడుగుతాను."

"అలాగేలే" అని బస్సెక్కాను.