ఇరుళాయి పెంచిన పాచి

సింగానల్లూరు దగ్గర ఒక నూలుమిల్లు మేనేజరు బంగళాలో తోటపని ఇరుళాయిది. చదువు లేదు గానీ కళ్లు మహా చురుకు. ఎవరేం చెప్పినా "సరేమ్మా" అని తలూపేది. ఆ తర్వాత తనకు తోచిందే చేసేది.

1954లో మేనేజరు భార్య రుక్మణి ఊటీ నుంచి ఆరు ఫెర్న్ తొట్లు తెప్పించుకుంది. వాటికి పువ్వూ లేదు, కాయా లేదు. ఈకల్లాంటి ఆకులే సొగసు. వరండాలో వరసగా పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేది. మరుసటేడు ఒకరోజు ఆకు తిప్పి చూసి గతుక్కుమంది. అడుగున ఈనెకు రెండు పక్కలా గోధుమరంగు చుక్కలు.

"ఇరుళాయీ, దీనికేదో నోయి పట్టిండాది. అన్నిట్నీ గీకెయ్యి. ఒక్క చుక్క ఉండకూడదు."

"సరేమ్మా."

అది తెగులంటే ఇరుళాయికి మాత్రం నమ్మకం కుదరలేదు. తెగులైతే ఎక్కడపడితే అక్కడ పడుతుంది గానీ, జాకెట్టుకు గుండీలు కుట్టినట్టు వరసగా ఎందుకు పడుతుంది? పైగా చివరి తొట్టి కింద తడి ఇటుకల సందులో ఎవరూ నాటని పిల్ల ఫెర్న్ ఒకటి మొలిచి ఉండడం ఆమె అప్పటికే చూసింది.

చుక్కలన్నీ కాగితం మీదికి గీకి నీడన ఆరబెట్టింది. రెండు రోజులకు అవి పగిలి, మెత్తటి గోధుమరంగు పొడి రాలింది. దాన్ని ఖాళీ ముక్కుపొడుం డబ్బాలో పోసి కిటికీలో పెట్టుకుంది.

తోట మేస్త్రీ అయ్యాసామికి అడిగి తీసుకునే అలవాటు లేదు. డబ్బా కనిపించగానే చిటికెడు తీసి గట్టిగా పీల్చాడు. తుమ్ము కోసం మొహం పైకెత్తి చాలాసేపు నిలబడ్డాడు. రాలేదు. ఇంకో చిటికెడు పీల్చాడు.

"ఏ అంగట్లో కొంటివే? కారమే లేదు."

"ఊటీ సరుకు మామా. పెద్దోళ్ల ఇండ్లల్లో ఇదే."

ఆ వారమంతా ఊటీ పొడుం ఎంత సుతారంగా ఉంటుందో అయ్యాసామి మిల్లు గేటు దగ్గర వర్ణించి చెప్పాడు.

మిగిలిన పొడిని ఇరుళాయి, మిల్లు పనివాళ్లకు వరసగా కట్టిన లైను ఇళ్లలో తన ఇంటి వెనక, మరిగే నీళ్లు పోసి కడిగిన ఇటుకల మీద చల్లింది. ఇటుకలను నీళ్ల పళ్లెంలో పెట్టి పగిలిన అద్దం ముక్క మూసింది. రెండు నెలలకు పచ్చటి పొర కట్టింది.

పక్కింటి ఆరోగ్యమేరి వచ్చి చూసింది. "పాచి పెంచుతుండావా అక్కా?"

"ఔ, పాచే. పొద్దుపోవద్దా?"

ఆ పొర గోటంత గోటంత రేకులైంది. ఒక్కో రేకు నుంచి చుట్ట చుట్టుకున్న బుల్లి ఆకు లేచింది. ఏడాదిన్నరకు పగిలిన కుండల్లో, నూనె డబ్బాల్లో ముప్పై మొక్కలయ్యాయి.

ఆ ఏడు మిల్లులో మొక్కల పోటీ పెట్టారు. తీర్పు చెప్పడానికి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టరు ఒకాయన వచ్చాడు. రుక్మణి తొట్లలో ఆకులు ఒక్క చుక్క లేకుండా తుడిచిన అద్దాల్లా ఉన్నాయి. పక్కనే ఇరుళాయి తెచ్చిపెట్టిన మొక్కల నిండా చుక్కలే.

"వాటి దగ్గరికి పోవద్దు సార్, నోయి ఉండాది," అంది రుక్మణి.

మాస్టరు భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. "నోయి కాదమ్మా. ఒక్కో చుక్కా చిన్న చిన్న సంచుల గుంపు. సంచి పగిలితే పొడి రాలుతాది. పువ్వు పుయ్యని చెట్టుకు ఆ పొడే విత్తనం."

వెనక నిలబడ్డ అయ్యాసామి చెయ్యి మెల్లగా ముక్కు మీదికి వెళ్లింది.

మొదటి బహుమతి ఇరుళాయికే. రుక్మణి ఆమెను పక్కకు పిలిచింది. "నీకు ముందే తెలుసునా?"

"మీరు గీకమంటిరి, గీకితిని. పారెయ్యమని చెప్పలేదే అమ్మా."

రుక్మణి మూడు రోజులు వరండాలోకే రాలేదు. నాలుగో రోజు, పెళ్లయి వచ్చాక మొట్టమొదటిసారి, లైను ఇళ్ల వైపు నడిచి వచ్చింది. కొంగు నడుముకు దోపి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. "నాకూ నేర్పియ్యి," అంది నేలచూపులతో.

ఇరుళాయి ఆమె చేతికి ఇటుకా, కొబ్బరిపీచూ ఇచ్చింది. రుక్మణి తోమసాగింది. ఇటుక ఎప్పుడో శుభ్రమైపోయింది.

"ఇంకొంచెం గట్టిగా రుద్దండమ్మా," అంది ఇరుళాయి.