లచ్చక్క పూత

మొన్న మా వీధిలో ఎవరో కొత్త తలుపుకు వార్నిష్ వేయిస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలి ఆగిపోయాను. ఆ వాసనకు చాలామందికి తల తిరుగుతుంది. నాకు మాత్రం ఇరవై ఏళ్ల కిందటి కుళ్లు మళ్లీ లేస్తుంది. దానికి మర్యాదైన పేరు వెతకను. అది కుళ్లే, నాతో పనిచేసిన లచ్చక్క మీద.

ముంబై దగ్గరి భివండి పద్మనగర్‌లో బట్టకు గిరాకీ పడిపోయిన రోజుల్లో మా సేట్ నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, అమ్మేసి, ఆ షెడ్డులో పూల్ ఆట క్యూలు చేయించడం మొదలుపెట్టాడు. బల్ల మీది బంతులను పొడిచే పొడవాటి కర్రలవి. కర్రను నునుపు తీసి వార్నిష్ వేయడంలో నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ణి. మొదటి వానాకాలమే ఆ గర్వాన్ని దించింది. నేను మెరిపించి పంపిన క్యూలు తేమ తాగి, వంగి తిరిగొచ్చాయి. సేట్ నీళ్లు అంటనివ్వని కొత్త పూత డబ్బాలు తెప్పించాడు. దాన్ని వేయడానికి లచ్చక్కను పెట్టాడు. అప్పటిదాకా సాంచాల దగ్గర కండెలు చుట్టిన, నలభై దాటిన మనిషి.

నెల తిరక్కుండానే సేట్ అందరినీ పిలిచి ఆమె చేసిన క్యూ మీద గ్లాసెడు నీళ్లు పోశాడు. నీళ్లు పూసల్లా జారిపోయాయి. కర్ర మీద పూత ఉన్నట్టే తెలియలేదు. పక్కనే అదే పూతతో నేను చేసింది చారలు చారలుగా, జిగటగా ఉంది. సేట్ నా క్యూ మీద నీళ్లు పోసి చూడనైనా లేదు. అదే నాకు మంటగా ఉండింది.

ఆమె ప్రతి కర్రనూ ముందు చెంపకు ఆనించి చూసేది. కొన్నిటిని పక్కన పెట్టి రోజుల తరబడి ముట్టుకునేది కాదు. చాదస్తమని నవ్వేవాణ్ణి. ఆమె ఒక కట్ట పూర్తి చేసేలోపు నేను రెండు చేసేవాణ్ణి.

ఒక పెద్ద ఆర్డరుకు మా ఇద్దరి కట్టలూ సిద్ధమై గోడవారగా ఉన్నాయి. ఆమెవి ఎర్ర దారంతో, నావి నీలం దారంతో కట్టినవి. ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లినప్పుడు నా క్యూలను అద్దం బల్ల మీద దొర్లించి చూశాను. ఊగుతున్నాయి. ఆమెవి తిన్నగా దొర్లాయి. నేను దారాలు మార్చేశాను.

మర్నాడు సేట్ కట్టలు విప్పించి, ఎర్ర దారం కట్టలోవి వంగి ఉండడం చూసి ఆమెను నలుగురిలో చెడామడా తిట్టాడు. లచ్చక్క ఒక క్యూ తీసుకుని దాని అడుగు కొస తిప్పి చూసింది. కర్ర కోసిన చోట ఆమె మూడుసార్లు పూత వేసేది. అక్కడ ఒక్క పూతే ఉంది. నావైపు ఒకసారి చూసి, సేట్‌తో, “తడి కట్టె మీద పూత పడ్డది సేట్. మళ్ల చేసిస్త,” అంది. ఆమె చేసిన క్యూలను చేతిలో పట్టుకుని సేట్ నా భుజం తట్టాడు.

సాయంత్రం లచ్చక్క నన్ను పిలిచి, ఒక కర్రను నా చెంపకు ఆనించింది.

“సల్లగ తాకుతుందా? లోపల తడి ఉన్నట్టు. బయటి నీళ్లను రానియ్యని పూత లోపలి నీళ్లను పోనియ్యదు గద తమ్మీ. గందుకే వంగుతది.”

దారాల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పదిహేను రోజులు ఆమె పక్కనే కూర్చుని ఆ పూత గీకి, కర్రలు ఆరబెట్టి, మళ్లీ వేశాను. కొన్ని దక్కాయి, కొన్ని పారేశాం. నాకు పని వచ్చింది ఆ పదిహేను రోజుల్లోనే.

కొన్నేళ్లకు ఆమె అంజూర్ ఫాటా కూడలి దగ్గర సొంతంగా పని పెట్టుకుందని తెలిసి వెళ్లాను. దారాలు మార్చింది నేనేనని చెప్పేశాను.

“గా దినమే ఎరుక,” అంది, చేతిలో పని ఆపకుండా.

“మరి సేట్‌కు ఎందుకు చెప్పలేదక్కా?”

“చెప్తె నిన్ను పంపేటోడు. నీ చెయ్యి మంచిది. ఆగుడే రాదు నీకు.”

తర్వాత చాయ్ తాగుతావా అని అడిగింది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న షెడ్డు ఉంది. నా పనిని మెచ్చుకునేవాళ్లున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ ఇదే లచ్చక్క చేసి ఉంటే ఎలా ఉండేదోనని మనసులో పోల్చి చూసుకుంటాను. పనిలో ఎప్పటికైనా ఆమెను అందుకుంటానేమో. కానీ ఆ రోజు అన్ని తిట్లు పడ్డది నేనైతే, తప్పు ఎవరిదో తెలిసీ నోరు మెదపకుండా ఉండేవాణ్ణి కాదు. ఈనాటికీ ఆమెలో నేను ఓర్వలేనిది అదొక్కటే.