మూడూళ్ళలో ఒకేసారి పనిచేసిన మనిషి

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. (నమ్మకాలకు నేను బద్ధశత్రువుని, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎందుకో వదిలిపెట్టాను.) ఇరవై ఆరేళ్ళ వయసు, తెనాలిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం, సాయంత్రాలు లెక్కల మేష్టారైన మా నాన్న వెంట హేతువాద సభలకు వెళ్ళి వాదించడం. ముహూర్తాల మీద, వాస్తు మీద, తాయెత్తుల మీద నేను మాట్లాడటం మొదలుపెడితే ముందు వరుసలోవాళ్ళు మెల్లగా వెనక వరుసల్లోకి జరిగేవారు. అది నా వాదన బలమనుకునేదాన్ని. నా గొంతు బలమని చాలా ఏళ్ళకు తెలిసింది.

మా సెంటరు నడిపే పెద్ద డాక్టరుగారి బంధువులు బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి సెంటర్లు తెరిచారు. ఎక్స్‌రే మిషను పెట్టుకోవాలంటే చదువుకున్న టెక్నీషియన్ ఉన్నట్టు కాగితం చూపించాలి. అలాంటివాళ్ళు అంతమంది దొరకరు కాబట్టి ఒకరి సర్టిఫికెట్టు నకళ్ళు నాలుగు గోడల మీద వేలాడటం మా వృత్తిలో మామూలు సంగతి. "నీ పేరు పెట్టుకుంటాం అమ్మాయ్, అంతే. నువ్వు పోనక్కర్లేదు" అన్నారు పెద్ద డాక్టరుగారు. సరేనన్నాను. రేపల్లె సెంటరు ప్రారంభానికి మాత్రం వెళ్ళాను. కొత్త మిషను ముందు గుమ్మడికాయ కొట్టబోతుంటే అడ్డుపడి, రేడియేషనుకు దిష్టి తగలదని పావుగంట ఉపన్యసించాను. దేవుడి పటానికి మేకు కొడుతుంటే ఇది వైద్యశాలా, గుడా అని నిలదీశాను. ఆ పక్కనే ఇంకో మేకు కొట్టి నా సర్టిఫికెట్టు తగిలిస్తే మాత్రం, కాస్త వంకరగా ఉందని చెప్పి సరిచేయించాను.

మూడేళ్ళు గడిచాక న్యూజిలాండులో మా చదువు చదివినవాళ్ళు కావాలని తెలిసింది. అయితే మన చదువు అక్కడ చెల్లుతుందని అక్కడి బోర్డు ఒప్పుకోవాలి. సిలబస్సు పంపాను, మార్కులు పంపాను, ఇంగ్లీషు పరీక్ష రాశాను. మిగిలింది అనుభవం. పనిచేసిన ప్రతి చోటి నుంచీ యజమాని ఉత్తరం నేరుగా బోర్డుకే వెళ్ళాలి. అది మన కంట పడకూడదు. తెనాలి ఒక్కటే రాసుంటే సరిపోయేది. మూడు ఊళ్ళు రాస్తే దరఖాస్తు బరువుగా ఉంటుందని నాకే తోచింది. అందుకు ఇంకెవరినీ నిందించే వీలు లేదు. మూడు చోట్లవాళ్ళూ ప్రేమగా రాశారు. ఒక మనిషిని మెచ్చుకుంటూ ఉత్తరం రాయమంటే మనవాళ్ళు పొదుపు చెయ్యరు.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. మూడు సంస్థలూ అవే మూడేళ్ళపాటు, వారానికి ఆరు రోజులు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మీరు తమ దగ్గరే ఉన్నారని, ఒక్క సెలవైనా పెట్టలేదని ధ్రువీకరించాయి; దయచేసి వివరించండి అని చాలా మర్యాదగా అడిగారు. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆ కిందటి వేసవిలోనే బాపట్ల సభలో, ఒక స్వామివారు ఏకకాలంలో రెండూళ్ళలో దర్శనమిచ్చారన్న భక్తులను మేమిద్దరం కలిసి ఉతికి ఆరేశాం.

"ఆయన కనిపించింది రెండూళ్ళలోనేనమ్మా" అన్నారు నాన్న. "అదీ ఒక్క పూట."

ఆయన నవ్వలేదు. ఇప్పుడేం చేస్తావని అడిగారు. మిగతా రెండు ఉత్తరాలూ పొరపాటున రాశామని వాళ్ళ చేతే రాయిస్తానన్నాను. "పొరపాటు వాళ్ళదా?" అన్నారు. నేను వినబడనట్టు చెప్పులు వేసుకున్నాను.

బాపట్లవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. రేపల్లె రైలెక్కాను. అక్కడి మేనేజరును, కళ్ళద్దాల మందాన్ని బట్టి, అందరూ సోడాబుడ్డి అనేవారు. నేనిక్కడ పనిచెయ్యలేదని రెండు ముక్కలు రాసివ్వండి అన్నయ్యా అంటే ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"అట్టా రాస్తే రేపొద్దున్నే సెంటరు మూయిస్తారమ్మా. నీ పేరు మీదేగా నడుస్తుంది. ఏంటి, తెలీనట్టు మాట్లాడతావు?"

"నేనొక్క ఫిల్మన్నా తీశానా ఇక్కడ?"

"అది నీకూ నాకూ తెలుసు. గోడకేం తెలుసు?"

బెంచీ మీద కూర్చున్న ఒకామె లేచి వచ్చింది. నిజాంపట్నం వైపు మనిషి. భర్త పడవ మీద వేటకు పోతాడట. చేతిలోని కవరు లోంచి రిపోర్టు కాగితం తీసి, కింద టెక్నీషియన్ అని ఉన్నచోట అచ్చయిన నా పేరు మీద వేలు పెట్టింది.

"ఈ పేరుగలామె ఎవరో తెలుసా అమ్మా? ఒకసారి అడుగుదామని మూడుసార్లు తిరిగాను. మా ఆయనకి దగ్గు తగ్గకపోతే ఇక్కడే తీశారండి. బానే ఉందన్నారు. రెండు నెలలు వేటకి పోయాడు. పడవలోనే నెత్తురు కక్కాడు. గుంటూరు తీసకపోతే అక్కడి డాక్టరుగారు, ఇందులో మనిషి కదిలాడు, ఏం కనపడట్లేదు, ఊపిరి పట్టమని ఎవరూ చెప్పలేదా అన్నారండి."

ఫిల్ము వెలుతురుకు పట్టి చూశాను. పక్కటెముకలు పొగలా అలుక్కుపోయి ఉన్నాయి. మా చదువులో మొదటి వారం నేర్పేదే అది. గట్టిగా ఊపిరి పీల్చండి, అలాగే పట్టండి, ఇక వదలండి. ఈ మూడు మాటలు చెప్పడానికి నేనక్కడ లేను. నా పేరుంది.

"నేనేనమ్మా ఆ పేరుగలదాన్ని" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపం కోసం ఎదురుచూశాను. "మీరు ఆ రోజు లేరుగా తల్లీ" అంది. "లోపల ఆడమనిషే లేదు. గది ఊడ్చే ఆయన తీశాడు."

నేను రైలెక్కి వచ్చింది సరిగ్గా ఆ ఒక్క మాట కోసం. ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. కానీ ఆ మాటను బోర్డుకు ఏ మొహంతో చూపించను?

కుర్చీ లాక్కుని ఎక్కి గోడ మీది నా సర్టిఫికెట్టు ఫ్రేము కిందికి దించాను. సోడాబుడ్డి "ఆగమ్మాయ్, ఆగు" అంటూనే ఉన్నాడు. (ప్రారంభం నాటి బంతిపూల దండ ఎండిపోయి ఇంకా దానికే ఉంది.) తిరుగు రైల్లో ఒడిలో దాన్ని చూసి ఎదుటి సీటు పెద్దాయన గొంతు తగ్గించి, "ఎవరమ్మా, నాన్నగారా?" అని అడిగాడు. నాన్న బాగానే ఉన్నారండి, ఇది నాదే అన్నాను. ఆయన వేరే సీటుకు మారిపోయాడు.

బోర్డుకు ఉన్నదున్నట్టు రాశాను. సర్టిఫికెట్టు అరువిచ్చానని, ఆ పేరు కింద తీసిన ఫిల్మును నమ్మి ఒక మనిషి రెండు నెలల వైద్యం పోగొట్టుకున్నాడని. నాన్న కామాలు మాత్రం సరిచేశారు. ఇక్కడి అధికారులకూ ఒక కాపీ పంపాను. రేపల్లె సెంటరుకు తాళం పడింది. పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, "సర్టిఫికెట్టు అరువివ్వడం అందరూ చేసేదే అమ్మాయ్. బయటికి చెప్పడమే ఎవరూ చెయ్యలేదు" అని ఉద్యోగం లోంచి తీసేశారు. న్యూజిలాండు బోర్డు నా నిజాయితీకి కృతజ్ఞతలు చెప్పి, గుర్తింపు ఇవ్వలేమంది. ఆ కృతజ్ఞతల వాక్యం కోసం ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాననడానికి సిగ్గుపడను.

తర్వాత తెనాలిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ఒకరోజు రేపల్లెలో కనిపించిన ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. గుంటూరులో క్షయకు ఇచ్చిన మందుల కోర్సు పూర్తయింది, మళ్ళీ ఫిల్ము కావాలన్నారట. మనిషి సగానికి తగ్గాడు. ఇక వేటకు పనికిరాడని డాక్టర్లు చెప్పేశారు. స్టాండు దగ్గర నిలబెట్టి, గడ్డం ఆనించి, భుజాలు సర్ది, అద్దం గోడ ఇవతలికి వచ్చి, గట్టిగా పీల్చి పట్టండి బాబాయ్ అన్నాను. పట్టాడు. మీట నొక్కగానే కంప్యూటర్లో బొమ్మ వచ్చింది. తెర మీద ఎముకలు గీత గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి; కుడి వైపు పైభాగంలో మచ్చ కూడా అంతే స్పష్టంగా ఉంది. దానివైపే చూస్తూ ఉండిపోయాను. వేదికల మీద గంటలకొద్దీ మాట్లాడిన ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎంత అరిచేదో పాపం, చెప్పాల్సిన చోట తప్ప. ఇంతలో అద్దం అవతల నుంచి, బిగపట్టిన గొంతుతో, మొహమాటంగా వినిపించింది.

"ఇంక వదలొచ్చా అమ్మా?"