డాక్టర్ హల్వార్ చుట్టాలు

నార్వేలోని బెర్గెన్‌లో మనసు జబ్బులు చూసే డాక్టర్ హల్వార్‌కి ఒక్కటే అలవాటు. రోగి ఏ జబ్బు చెప్పినా సరే, దాన్ని తన చుట్టాల్లో ఎవరికో ఒకరికి అంటగట్టకుండా వదలడు.

నిద్ర పట్టడం లేదంటే, వాళ్ళ మేనత్త రాత్రంతా మేలుకుని ఊరందరికీ మేజోళ్ళు అల్లేసిందట. ఎవరో వెంటపడుతున్నారంటే, వాళ్ళ బాబాయి తన పడవలో తానే దాక్కున్నాడట. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయంటే, పెద్దమ్మకీ వినిపించేవట, పైగా ఆవిడ వాటితో వాన గురించి దెబ్బలాడేదట. తలొంచుకుని లోపలికెళ్ళినవాళ్ళు నవ్వుకుంటూ బయటికొచ్చేవారు. ఇంత బలగంలో ఒక్కరూ క్రిస్మస్‌కి కార్డు ముక్కయినా పంపరేమని నర్సు రాగ్నీ దెప్పితే, మావాళ్ళు వట్టి బద్ధకస్తులనేవాడు.

కొత్త డాక్టర్లు జన్యు పరీక్షలని ఉబలాటపడితే వద్దనేవాడు కాదు. ఫలితాల కాగితం రోగి చేతిలో పెట్టి మీరు గదిలోంచి పారిపోకండి, అంతే, అనేవాడు.

ఒక ఉదయం సున్నివా వచ్చింది. ఉన్మాదమూ దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బు ఆమె తల్లికుంది, తనకీ ఉంది. బిడ్డ కావాలని ప్రాణం కొట్టుకుంటోంది, బిడ్డకీ వస్తుందేమోనని భయం. జన్యు పరీక్ష చేసి తేల్చెయ్యమంది. రక్తం తీయడానికి రాగ్నీ కూడా గదిలోనే ఉంది.

హల్వార్ మామూలుగానే మొదలెట్టాడు. వాళ్ళ చిన్నత్తకీ అదే జబ్బట.

"ఆవిడ పిల్లలకి వచ్చిందా?" అంది సున్నివా.

హల్వార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు చిన్నత్త లేదమ్మా," అన్నాడు. "ఎవరూ లేరు. అనాథాశ్రమంలో పెరిగాను. నా ఒంట్లో ఎవరి రక్తం ఉందో నాకే తెలీదు. ఈ ఒక్క విషయంలో నీతో అబద్ధమాడలేను."

కార్డుల గురించి దెప్పింది గుర్తొచ్చి రాగ్నీకి మనసు చివుక్కుమంది.

ఇలాంటి తల్లుల పిల్లలకి జబ్బొచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువేననీ, అయినా చాలామందికి రాదనీ, నీ బిడ్డ సంగతి ముందే తేల్చే పరీక్ష ఇంకా లేదనీ ఆయన విడమరిచి చెప్పాడు. బిడ్డని కంటే గనక, కానుపుకి ముందూ తర్వాతా దగ్గరుండి చూసుకుంటానన్నాడు.

"మరి ఊరంతా చెప్పుకునే ఆ అత్తలూ బాబాయిలూ?" అంది సున్నివా.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగ్గానే అందరూ తప్పు చేసినట్టు నేల చూస్తారు. మీ వైపు నేనూ కూర్చుందామనుకున్నాను."

సున్నివా లేచి కోటు తొడుక్కుంది.

"మా నాన్న లేడు. పుట్టేవాళ్ళకి తాత కావాలి. ఆ పని మీరు చూడండి," అంది.

హల్వార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆలోచించుకో మరి. మా వంశంలో తాతలు పిల్లల్ని గారాబం చేసి పాడుచేస్తారు."