మన గోలు

పోయిన వారం మా వెనక తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ఒక డబ్బా మూత తీశాడు. వరండాలో పేపరు చదువుకుంటున్న నాకు ఆ పేజీలో ఇక ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు. అవిసె నూనె వాసన. మా ఆవిడ అప్పటికే ముక్కు మూసుకుని కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం కుర్చీ ఆ డబ్బా దగ్గరికి జరుపుకున్నాను. తాండూరులో రైలు పట్టాల పక్కనున్న మొరం మైదానం, గోడకు ఆనించిన హాకీ కట్టెలు, వాటికి గుడ్డతో ఈ నూనె పట్టిస్తూ నాకు అటు తిరిగి కూర్చున్న వెడల్పాటి వీపు, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. బసప్పన్న ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు. ఆయన మా జట్టులో ఫుల్‌బ్యాకు, నేను గోల్‌కీపరును. ఏళ్ళ తరబడి ఆయన వెనకాల నిలబడ్డవాణ్ణి.

బసప్పన్నది సేడం వైపు ఒక పల్లె. ఇంట్లో కన్నడం. నిజాం ఫౌజులో ఉన్నప్పుడు హాకీ పట్టుబడింది. నలభై ఎనిమిదిలో ఆ ఫౌజు పోయింది, తుపాకీ పోయింది, హాకీ కట్టె ఒక్కటి చేతిలో మిగిలింది. అప్పటి నుంచి ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుకు ఆడేవాడు. ఒక ఏడు గుల్బర్గా మిల్లు జట్టు, ఒక ఏడు ఇంకెక్కడో రైల్వే జంక్షను, ఆ తర్వాత ఏదో చక్కెర ఫ్యాక్టరీ. పేరుకు కూలి పని ఇచ్చి ఆట కోసం ఉంచుకునేవారు. ఆటలు అయిపోగానే పనీ అయిపోయేది. పేపర్లో పేరు పడేంత గొప్ప ఆటగాడు కాడు. అలాగని ఆయన ఉన్న జట్టును ఎవరూ తేలిగ్గా ఓడించలేదు. భార్య నీలమ్మ వంటసామాను మూటకట్టుకుని ప్రతిచోటికీ వెంట తిరిగేది. ఎక్కడికి వెళ్ళినా ముందుగా ఆమె చేసే పని ఇంటి పక్కన చిక్కుడు విత్తడం. తీగ పందిరికి ఎక్కి పూతకు వచ్చేసరికి మూట మళ్ళీ కట్టాల్సి వచ్చేది. “ఒక్కపారన్న నేను పెట్టిన చిక్కుడు నేనే తెంపుకోవాలె నర్సింలూ, గంతే నా కోరిక” అని నాతో అనేది. నవ్వుతూనే అనేది.

నేను పూడూరు వైపు నుంచి తాండూరు స్టేషనుకు గూడ్సు గుమస్తాగా వచ్చిన ఏడే బసప్పన్న కూడా అక్కడికి వచ్చాడు. నాపరాళ్ళ వ్యాపారం చేసే సేఠ్ ఒకాయన జట్టు నడిపేవాడు. ఉన్న గోల్‌కీపరుకు బదిలీ కావడంతో, పొడుగ్గా ఉన్నానన్న ఒక్క కారణానికి నా కాళ్ళకు ప్యాడ్లు కట్టారు. బంతి వచ్చినప్పుడల్లా నేను గట్టిగా కళ్ళు మూసుకుని రెండు చేతులూ చాచేవాణ్ణి. కొన్ని బంతులు పాపం వాటంతట అవే వచ్చి నాకు తగిలేవి. అది నా ప్రతిభే అని నేను నమ్మాను, సేఠ్ కూడా నమ్మాడు. బసప్పన్న ఒక్కడే నమ్మలేదు.

“కండ్లు మూస్తే బంతి ఆగుతదా?” అన్నాడు మొదటి రోజే.

“మూస్తలేనన్నా.”

“మూస్తున్నవ్. నా ఈపుకు తెలుస్తది.”

మరునాడు నన్ను బండల కార్ఖానాకు తీసుకుపోయాడు. పాలిషు పట్టని నాపరాళ్ళను గోడకు ఆనించి ఉంచుతారు గదా, వాటి గరుకు ముఖం మీదికి బంతి కొట్టి, తిరిగొచ్చినదాన్ని నన్ను ఆపమన్నాడు. ఆ రాయి మీద పడ్డ బంతి ఏ మూలకు వస్తుందో దేవుడికే తెలియాలి. మొదటి వారమంతా ఒళ్ళు హూనమైపోయింది. స్టేషనులో కుర్చీలో కూర్చోలేక నిలబడే రసీదులు రాశాను. “బంతి ఎనక ఉరకకు. కట్టె మొన చూడు. ఏడికి కొడ్తడో మొన ముందుగాలనే చెప్తది” అని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఒక సాయంత్రం ఆ మొన తిరగడం నాకు కనబడింది. బంతి రాకముందే నా కాలు అక్కడ ఉంది. బసప్పన్న కట్టె పారేసి పరుగెత్తుకొచ్చి, నన్ను ప్యాడ్లతో సహా పైకెత్తేశాడు. బండలు కోసేవాళ్ళంతా పని ఆపి నవ్వారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇక బసప్పన్న తెలుగు సంగతి. అన్నీ బాగానే మాట్లాడేవాడు కానీ ‘మా’కూ ‘మన’కూ తేడా ఆయన నాలుక్కి పట్టేది కాదు. కన్నడంలో ‘నమ్మ’ అంటే చాలు, మాదైనా మనదైనా అందులోనే సర్దుకుంటుంది. తెలుగులో అలా కుదరదు గదా. ఒకసారి గుల్బర్గా మిల్లు జట్టుతో మాకు ఆట పడింది. అంతకుముందు ఏడు బసప్పన్న ఆడింది ఆ జట్టుకే. మధ్యలో బంతి ఖాళీగా దొర్లుతుంటే బసప్పన్న మా హాఫ్‌బ్యాకుకు వినబడేలా “మాది, మాది!” అని అరిచాడు. ఆ హాఫ్‌బ్యాకు నిలబడిపోయాడు. ‘మాది’ అని మాతోనే అంటున్నాడంటే ఇతను పాత జట్టు మత్తులో ఉన్నాడా, మా వైపే ఉన్నాడా అని అతనికి సందేహం. అతని సందేహం తీరేలోపు మిల్లువాళ్ళు బంతి తీసుకుపోయి గోలు కొట్టేశారు. సేఠ్ కోపం పగ్గాలు తెంచుకుంది.

“ఏ జట్టు మనిషివయ్యా నువ్వు?”

“మా జట్టే సాబ్” అన్నాడు బసప్పన్న. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆయనకు ఆ తేడా నేర్పే బాధ్యత నా నెత్తిన పడింది. అప్పటికి నాకూ ఆయనకు గురువునయ్యే అవకాశం వచ్చిందని లోపల్లోపల మహా గర్వం. ఆదివారాలు వికారాబాదులో ఆటలుంటే ప్యాసింజరు బండిలో పోయేవాళ్ళం. ధారూరు స్టేషను వచ్చేదాకా పాఠం సాగేది.

“అన్నా, నువ్వు, నీలమ్మ వదిన ఉండే ఇల్లు ఎవరిది?”

“మన ఇల్లు.”

“గట్ల గాదన్నా. నేను దాంట్ల ఉంటలేను గద. నాతోని చెప్పేటప్పుడు ‘మా ఇల్లు’ అనాలె.”

బసప్పన్న నా వైపు తిరిగి, “ఎందుకుంటలేవ్? రా, ఉండు. ఎవరన్న వద్దన్నరా?” అన్నాడు.

పెట్టెలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నా పాఠం అక్కడితో సరి. ఆ రాత్రి భోజనం మాత్రం వాళ్ళింట్లోనే చేశాను, జొన్నరొట్టె, పుంటికూర పప్పు.

తాండూరులోనూ ఆటలు అయిపోగానే వాళ్ళు మూట కట్టేవాళ్ళు, మరుసటి ఏడు సేఠ్ పిలిస్తే మళ్ళీ వచ్చేవాళ్ళు. కొన్నేళ్ళకు బసప్పన్న మోకాళ్ళు మొరాయించాయి. తాండూరు సేఠ్ వచ్చే ఏటికి ఇంకో బ్యాకును చూసుకున్నాడు. నీలమ్మ పందిరి మీది తీగను వదిలేసి మళ్ళీ మూట కట్టింది. వికారాబాదు జట్టును నడిపే వకీల్ సాబ్ ఒకాయన, “ఒక్క ఆట చూస్త. కాళ్ళు పనిచేస్తే ఉంచుకుంట, లేకుంటే నీ తొవ్వ నీది” అన్నాడట. ఆ ఆట మాతోనే. మిగతా జట్లన్నీ ఆయన వయసు తెలిసి ముందే తల అడ్డంగా ఊపేశాయి. ఇదీ పోతే బసప్పన్నకు ఇక ఆట లేదు, ఊరు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. వికారాబాదులో అద్దెకు తీసుకున్న గది పక్కన నీలమ్మ అప్పుడే చిక్కుడు విత్తిందని కూడా తెలుసు. ఆట మొదలయ్యే ముందు నేనే చూశాను, రెండాకుల మొక్క.

ఆ రోజు గోలు ముందు నిలబడితే నాకు అంతా తలకిందులుగా ఉంది. నా ముందు ఉండాల్సిన వీపు లేదు. అవతలి నుంచి బసప్పన్న ముఖం నా వైపు చూస్తోంది. ఆట సాగుతున్నంతసేపూ ఆయన పంటి బిగువున పరుగెత్తాడు. మేము ఒక గోలు ముందున్నాము. చివర్లో నా గోలు ముందు ఒక తోపులాటలో దిక్కుతోచక నేను బంతి మీద పడుకుండిపోయాను. అది తప్పు. అంపైరు పెనాల్టీ బుల్లీ ఇచ్చాడు.

ఇప్పటి హాకీలో అది లేదు కాబట్టి చెప్పాలి. తప్పు చేసినవాడూ, అవతలి జట్టు ఎంచుకున్న ఒకడూ, ఇద్దరే గోలు ముందు ఎదురెదురుగా నిలబడాలి. మిగతావాళ్ళంతా దూరంగా పోవాలి. కట్టెలు నేలకు ఒకసారి, ఒకదానికొకటి ఒకసారి, అలా మూడుమార్లు తాకించి, ఇద్దరి మధ్యనున్న బంతి కోసం కలబడాలి. వకీల్ సాబ్ బయటి నుంచి “బసప్పా, నువ్వు పో” అని కేక వేశాడు.

బసప్పన్న కుంటుకుంటూ వచ్చి నా ఎదురుగా వంగి నిలబడ్డాడు. అంత దగ్గరగా ఆ ముఖాన్ని ఆట మధ్యలో చూడటం అదే మొదలు. చెమట, గడ్డంలో తెల్ల వెంట్రుకలు. గీత అవతల జనంలో నీలమ్మ ఎర్ర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇది ఆపితే ఆమె మళ్ళీ మూట కట్టాలి. వదిలేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఒక్క గోలుతో మా సేఠ్ కొంపేమీ మునిగిపోదు.

“నర్సింలూ” అన్నాడు బసప్పన్న, నాకొక్కడికే వినబడేలా. “కండ్లు మూస్తున్నవ్.”

“మూస్తలేనన్నా.”

“నాకు తెల్వదా? నా మొకం చూడకు, కట్టె చూడు. మన గోలు ఇడ్శిపెట్టకు.”

తెలుగు సరిదిద్దే సమయం కాదది. టక్, టక్, టక్. ఆయన మణికట్టు తిరిగింది. మొన లోపలికి వంగింది. నాకు కనబడింది. కనబడ్డాక ఆపకుండా ఉండటం నా చేతిలో లేదు, ఆయనే నేర్పాడు మరి. నా కట్టెకు తగిలిన బంతి గోలు ముందు గీసిన సున్నపు గీత దాటి దొర్లిపోయింది. అంటే గండం గడిచినట్టే. మా వాళ్ళు అరిచారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడు బసప్పన్న కట్టె పారేశాడు. బండల కార్ఖానాలో చేసినట్టే నన్ను ప్యాడ్లతో సహా పైకెత్తి, “పట్టినవ్ రా! మొన పట్టినవ్!” అని మైదానమంతా వినబడేలా గంతులేశాడు. ఆ మోకాళ్ళతోనే. తాండూరు వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వికారాబాదు కుర్రాళ్ళు కోపంతో కేకలు పెట్టారు. ఓడిపోయి ఎగిరేవాణ్ణి వాళ్ళు ఎక్కడ చూసి ఉంటారు?

ఆట ముగిశాక వకీల్ సాబ్ తీరిగ్గా నడిచి వచ్చాడు. బసప్పన్న నన్ను దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీలమ్మ కూడా దగ్గరికి వచ్చింది.

“ఈ గోల్‌కీపర్‌కు నేర్పిందెవరు?” అని వకీల్ సాబ్ నన్ను అడిగాడు.

“ఈయనే సాబ్. ఈయన రాకముందు నేను కండ్లు మూసుకోని నిలవడుతుంటి.”

వకీల్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. “బసప్పా, నీ కాళ్ళు అయిపోయినయ్. ఇగ నువ్వు ఆడకు” అన్నాడు.

నీలమ్మ కళ్ళు కిందికి వాలాయి.

“నేర్పు” అన్నాడు ఆయన. “మా బడిపోరలు బంతొస్తే కండ్లు మూసుకుంటున్నరు. బడిల కొలువు నేను మాట్లాడ్త. ఈడనే ఉండు. ఈ గ్రౌండ్ ఇగ నీది.”

బసప్పన్న నా వైపు చూశాడు, నీలమ్మ వైపు చూశాడు. తర్వాత వకీల్ సాబ్ మాటను వినయంగానే సరిదిద్దాడు.

“నీది గాదు సాబ్. మనది.”

వెతికి చూశాను. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

చలికాలంలో ఒకరోజు వికారాబాదు నుంచి వచ్చిన గార్డు నా బల్ల మీద ఒక సంచి పెట్టిపోయాడు. నిండా చిక్కుడుకాయలు. ఎవరు పంపారో గార్డు చెప్పబోతే, చెప్పనవసరం లేదన్నాను. స్టేషనులో పనిచేసేవాళ్ళందరికీ పంచాను, ఆ పూట తాండూరులో సగం ఇళ్ళల్లో అదే కూర.

ఆ తర్వాత నాకూ బదిలీలు మొదలయ్యాయి. నోరు తిరగని పేర్లున్న స్టేషన్లలో కూడా పనిచేశాను. వెళ్ళిన మొదటి రోజే ‘మన స్టేషను’ అనేవాణ్ణి. నిన్నగాక మొన్న వచ్చినవాడు మనది అంటాడేమిటని కొందరు నవ్వేవాళ్ళు. వెళ్ళేనాడు వాళ్ళే బండి దాకా వచ్చేవాళ్ళు. బసప్పన్న వికారాబాదులోనే చివరిదాకా ఉన్నాడు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళు ఎదురుపడితే ఇప్పటికీ ‘మన సార్’ అనే అంటారు, నన్నూ కలుపుకుని.

వడ్రంగి నూనె పట్టించడం ముగించి గుడ్డ దులుపుకున్నాడు. తలుపు నిగనిగలాడుతోంది.

“మన తలుపుకు ఇంకో పూత వేద్దామా?” అన్నాను.

“మన తలుపేంది సార్? మీ తలుపు” అన్నాడు అతను నవ్వుతూ.

నేను సరిదిద్దుకోలేదు. టీ తాగిపొమ్మని కుర్చీ వేశాను.