చిన్ననాటయ్య పెండ్లాం

ఆ ఇద్దరూ ఫింటాస్‌లో, మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంటికి వెతుక్కుంటూ వచ్చేసరికి తోటమాలి రామసుబ్బయ్య ఖర్జూరపు పిలకలకు పాదులు తవ్వుతున్నాడు. ఒంటి మీదున్న బనియను చెమటకు వీపుకు అతుక్కుపోయింది. వంటింటి మెట్ల మీద చేపలు కడుగుతున్న ఆయన భార్య తిరుపాలమ్మ వాళ్ళను ముందుగా చూసింది. తలకు కట్టుతో ఉన్నవాడు గోదావరి మనిషి బుల్లిరాజు. రెండో ఆయన సోమేశ్వరరావు, ఇండియన్ బడిలో చరిత్ర చెప్పే మాస్టారు. ఇద్దరూ అబూ హలీఫాలో ఒకే పాత భవనంలో ఉంటారు.

రామసుబ్బయ్య పార కింద పెట్టి, "తిరుపాలూ, నా సొక్కా తీసుకురా" అన్నాడు. ఆమె పెరట్లోని తమ గదిలోకి వెళ్ళి, మేకుకు తగిలించిన తెల్లచొక్కా తెచ్చిచ్చింది.

అది చూసి మాస్టారు చిన్నగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు అప్పుడు తెలియలేదు.

ఆ భవనంలో కింద కడపవాళ్ళు, పైన గోదావరివాళ్ళు. ఎండాకాలం, నీళ్ళ ట్యాంకరు సరిగ్గా రావడం లేదు. కింద కొళాయిలు తిప్పితే పైన చుక్క రాదని పైవాళ్ళ గోల. మేడమీదికెక్కి తొట్టి దగ్గరే బకెట్లు నింపుకుంటున్నారని కిందివాళ్ళ గోల. మొన్న శుక్రవారం అది కొట్లాట దాకా వెళ్ళింది. తన ఊరివాళ్ళను చూడ్డానికి పోయిన రామసుబ్బయ్య, తనవాళ్ళనే తిట్టి, భుజం మీది తువ్వాలు తీసి బుల్లిరాజు తలకు కట్టాడు. ఇంకోసారి గొడవైతే పోలీసులకు అప్పజెప్తానని భవనం యజమాని చెప్పి పోయాడు. రెండో తొట్టి పెట్టించేదాకా ఉన్నదానికి తాళం వేసి, ఒక్క మనిషి వంతుల ప్రకారం నీళ్ళు వదలాలని షరతు పెట్టాడు.

"ఆయ్, నా తల పగలగొట్టింది మీవోళ్ళేనండి. కట్టు కట్టింది మీరు. మీ చేతిలో తాళముంటే మావోళ్ళెవరూ కిక్కురుమనరు," అన్నాడు బుల్లిరాజు.

రామసుబ్బయ్య పిలకల వైపు చూశాడు. ఈ గాడ్పుకు వాటికి పొద్దునా మాపునా నీళ్ళు అందకపోతే నిలవవు. నీళ్ళ వంతులు వదలాల్సిందీ ఆ వేళల్లోనే. కాదంటాడని తిరుపాలమ్మ అనుకుంది. కానీ రాయచోటి దగ్గర వాళ్ళ పల్లెలో, బావి నీళ్ళ వంతు కాడ జరిగిన తగువులోనే ఆయన అన్న చచ్చిపోయాడు. ఆ సంగతి ఆమెకు గుర్తొచ్చేలోపే ఆయన సరేనన్నాడు.

"రెండో తొట్టి పెట్టేదాకానే. ఆ పొద్దే తాళంచెవి మీ చేతిలో పెడతా."

అప్పుడు చెప్పాడు మాస్టారు, తానెందుకు నవ్వాడో. వేల ఏళ్ళ కిందట రోము అనే రాజ్యంలో ఒక పెద్దమనిషి ఉండేవాడట. శత్రువులు సైన్యాన్ని చుట్టుముడితే, దేశాన్ని ఆయన చేతిలో పెడదామని ఊరివాళ్ళు పొలానికి వెళ్ళారట. ఆయన దున్నుతున్నవాడు ఆగి, భార్యను ఉత్తరీయం తెమ్మన్నాడట. వెళ్ళి గెలిచి, పదవి వదిలేసి, మళ్ళీ నాగలి పట్టుకున్నాడట. ఆయన పేరు సిన్సినాటస్.

తిరుపాలమ్మ చెవికి అది చిన్ననాటయ్య అని వినిపించింది. నాట్లు సగంలో వదిలి పోయినాయన కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంది. బుల్లిరాజు ఆ పేరే ఖాయం చేశాడు. భవనంలో అంతా రామసుబ్బయ్యను అలాగే పిలిచారు.

ఆ వేసవి ఆయన రెండు పూటలా అబూ హలీఫాకు నడిచి పోయేవాడు. ఒక్క బకెట్టు దగ్గర కూడా గొడవ రాలేదు. ఇక్కడ పిలకలకు నీళ్ళు పెట్టే పని తిరుపాలమ్మ మీద పడింది. గొట్టం చేతపట్టుకునేసరికి లోపల్నుంచి మామా పిలిచేది. పిల్లల స్నానాలు, టిఫిన్లు, అంట్లు ముగించి వచ్చేసరికి ఇసుక కాగి ఉండేది. దుమ్ముగాలి మొదలయ్యాక ఆకులు కొసల నుంచి ఎండుతూ వచ్చి, ఒక్కొక్కటే మాడిపోయాయి. మామా భర్త బాబా, తన తండ్రి తోటలోంచి తెప్పించుకున్న పిలకలవి.

బాబా కేకలు వెయ్యలేదు. ఎండిన పిలకను ఒక చేత్తో పీకి చూసి, ఖలాస్, ఇక్కడ నీ పని అయిపోయింది అన్నాడు. రామసుబ్బయ్య ఇండియాకు పోవాలి. తిరుపాలమ్మను పంపనని మామా ముందే చెప్పేసింది.

అదే వారంలో రెండో తొట్టి వచ్చింది. రామసుబ్బయ్య పని పోయిన సంగతి తెలిసి భవనం యజమాని, కఫీల్‌ను, అంటే వీసా పూచీదారును, మార్పించి తన దగ్గర కాపలాదారుగా పెట్టుకుంటానన్నాడు. తాళంచెవి రామసుబ్బయ్య దగ్గరే ఉంచుకోవచ్చు. బుల్లిరాజుతో సహా అందరూ ఉండమన్నారు.

ఆ సాయంత్రం పెరటి గదిలో తిరుపాలమ్మ, పెళ్ళయ్యాక మొదటిసారి, మగణ్ణి ఒకటి అడిగింది. "ఉండిపో. శుక్రవారం శుక్రవారం నీ మొగం చూసుకుంటా. అంతకన్నా ఏమీ అడగను."

ఆయన తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"రెండో తొట్టి వచ్చినాక ఆ తాళంతో పనేముంది తిరుపాలూ? దాన్ని నమ్ముకోని బతకాలంటే, మళ్లా తగువు రావాలని నేనే కోరుకోవల్ల. మా అన్న పోయినాక ఆ బతుకు నా వల్ల కాదు."

ఆమె మళ్ళీ అడగలేదు. తాళంచెవి ఇచ్చి రావడానికి ఆయన లేచినప్పుడు, చెప్పకముందే చొక్కా తెచ్చిచ్చింది. రెండు రోజులకు విమానమెక్కడానికి పోతున్నప్పుడూ ఆమే తెచ్చిచ్చింది. తర్వాత ఆ గదిలోకి కొత్త తోటమాలి వచ్చాడు. తిరుపాలమ్మ పడక వంటింటి పక్కకు మారింది.

చలికాలంలో ఒకరోజు మాస్టారు, బుల్లిరాజు గేటు దగ్గరికొచ్చి పలకరించారు. భవనంలో ఇప్పుడు నీళ్ళకు లోటు లేదని, చిన్ననాటయ్య పేరు చెప్పుకుని తాగుతున్నామని బుల్లిరాజు అన్నాడు. తిరుపాలమ్మ తలొంచుకుని విన్నది. వాళ్ళు కదలబోతుంటే, కొంగు నోటికడ్డం పెట్టుకుని మాస్టారిని అడిగింది.

"సార్, ఆయప్ప పెండ్లాం ఏమైంది?"

సిన్సినాటస్ భార్య సంగతి అడుగుతోందని తెలియడానికి మాస్టారికి కొంతసేపు పట్టింది. తెలిశాక ఆయన ముఖం దించుకున్నాడు.

"ఆమె గురించి చరిత్రలో ఏమీ రాయలేదమ్మా. ఉత్తరీయం తెచ్చిచ్చిందని మాత్రం ఉంది."

"అదొకటైనా రాసినారు గదా సార్," అంది తిరుపాలమ్మ. లోపల్నుంచి మామా పిలుస్తోంది.